బొట్టు పెట్టిన వైరు

ముప్పై ఏళ్ళకు పైగా చిత్తూరులో ఒక డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో పనిచేసి రిటైరయ్యాను. ల్యాబ్ టెక్నీషియన్ అంటే లెక్చరరుకు తక్కువ, అటెండరుకు ఎక్కువ. ఇద్దరూ పని చెప్తారు, ఇద్దరూ టీకి పిలవరు. ఇన్నేళ్ళలో నా చేతుల్లో కాలిపోయిన వాటికి లెక్క లేదు. ఫ్యూజులు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఒక ప్రిన్సిపాల్ గారి భార్య రిపేరుకు పంపిన మిక్సీ. వాటి గురించి నాకు పెద్ద బాధ లేదు. కానీ సర్వీసు ఆఖరి సంవత్సరంలో అరచేతిలో పట్టే చిన్న బోర్డు ఒకటి కాల్చాను. దాని సంగతే ఇప్పుడు రాస్తున్నాను. కొత్తగా ల్యాబుల్లో చేరుతున్న పిల్లలు ఇది చదివి నా మీద నవ్వుకున్నా పరవాలేదు. నేను చేసిన పని మీరు చేయకపోతే చాలు.

మా కాలేజీలో చరిత్ర చెప్పే కాంట్రాక్టు లెక్చరరు ఒకాయన ఉన్నాడు. పుట్టుకతోనే చూపు లేదు. నాకన్నా బాగా చిన్నవాడు. నన్ను అన్నా అంటాడు, నేను ఆయన్ని సార్ అంటాను. ఆయన మీద జాలి చూపిద్దామని వెళ్ళినవాళ్ళు మొహం మాడ్చుకుని వచ్చేవాళ్ళు. కొత్తగా వచ్చిన కామర్స్ మేడమ్ ఒకరు ఆయన చెయ్యి పట్టుకుని వరండా దాటించబోయింది. "మేడమ్, ఈ కాలేజీలో నేను పదేండ్లుగా ఉండాను. మీరు నిన్న వచ్చినారు. దోవ తప్పితే నన్ను అడగండి" అన్నాడు.

ఆయన చదువంతా చెవులతోనే. పాఠ్యపుస్తకాలు, నోట్సులు ఎవరో ఒకరు పైకి చదివితే రికార్డు చేసుకునేవాడు. ఎక్కువ భాగం ఆయన భార్య చదివింది. ఆమె ఇంట్లో బట్టలు కుట్టేది, అందుకే కొన్ని పాఠాల వెనక మిషను చప్పుడు వినిపిస్తుంది. విద్యార్థులు చదివారు, స్టాఫులో మేమూ చదివాం. విజయనగర చరిత్ర మూడు అధ్యాయాలు నా గొంతులోనే ఉన్నాయి, నా దగ్గుతో సహా. ఇదంతా ఆయన ఇంట్లో వంటింటి అటక మీద ఒక చిన్న కంప్యూటర్లో ఉండేది. కంప్యూటరంటే మానిటరూ కీబోర్డూ ఏమీ లేవు. పేకముక్కంత బోర్డు, దానికి రెండు పెద్ద హార్డ్ డిస్కులు. ఒకదాంట్లో పాఠాలు, రెండోదాంట్లో వాటి కాపీ. రాత్రింబగళ్ళు నడిచేది. ఆయన బస్సులో ఉన్నా స్టాఫ్‌రూములో ఉన్నా ఫోను చెవికి పెట్టుకుంటే ఇంట్లోని పాఠం వినిపించేది. దాన్ని 'మా ఇంటి సర్వర్' అనేవాడు.

ఆ సంవత్సరం రెగ్యులర్ లెక్చరరు పోస్టులకు పరీక్ష పడింది. ఆయన వయసుకు అదే ఆఖరి అవకాశం. మళ్ళీ పరీక్ష వచ్చేనాటికి వయసు దాటిపోతుంది. కాంట్రాక్టు బతుకు ఎలాంటిదో తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ప్రతి వేసవిలోనూ మళ్ళీ పిలుస్తారా లేదా అని ఎదురుచూడాలి. పరీక్ష దసరా సెలవుల తర్వాత. సరిగ్గా అప్పుడే సర్వర్ మొరాయించింది.

"అన్నా, నా పుస్తకాలు మధ్యలో నోరు మూసుకుంటాండాయి" అని నా దగ్గరికి వచ్చినాడు.

వాళ్ళింటికి వెళ్ళి చూశాను. బోర్డుకు ఒక ఫోను ఛార్జరు లాంటిది, డిస్కులకు ఇంకో పాత అడాప్టరు. రెండు డిస్కులూ ఒకేసారి తిరగడం మొదలుపెట్టగానే కరెంటు చాలక బోర్డు ఆగిపోయి మళ్ళీ మొదలయ్యేది. డిస్కుల్లో ఒకటి టక్ టక్‌మని కొట్టుకునేది. ఇంకొన్నాళ్ళు ఇలాగే నడిస్తే డిస్కే పోతుంది.

"సార్, ఎద్దు లాగే బండికి మేకను కట్టినారు" అన్నాను.

"ఎద్దు యాడ దొరుకుతుంది?"

"మా ల్యాబులో మూలన పడి ఉండాది."

పాత డెస్క్‌టాప్ కంప్యూటర్లలో కరెంటు సరఫరా చేసే ఇనప డబ్బా ఉంటుంది, ఎస్ఎంపీఎస్ అంటాం. కంప్యూటరు తుక్కులోకి వెళ్ళినా ఆ డబ్బా చాలాసార్లు బతికే ఉంటుంది. దాంట్లో ఐదు వోల్టులూ పన్నెండు వోల్టులూ రెండూ వస్తాయి. ఆయన సర్వరుకు కావలసినవి అవే. బోర్డుకు ఐదు. డిస్కులకు రెండూ కావాలి, వాటికి తగ్గ ప్లగ్గులు డబ్బాకే ఉన్నాయి. డిస్కులు వేడెక్కకుండా చిన్న ఫ్యాను పెడదామనుకున్నాను, దానికి పన్నెండు. గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. ఐదు వెళ్ళాల్సిన చోటికి పన్నెండు వెళ్తే బోర్డు క్షణంలో చచ్చిపోతుంది.

ప్రిన్సిపాల్ అనుమతి తీసుకుని, సర్వర్ మొత్తాన్ని ల్యాబుకు తెప్పించాను. డబ్బాలోని ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు కలిపితే కంప్యూటరు లేకుండానే అది మేలుకుంటుంది. ఆ పని అయిదు నిమిషాల్లో అయిపోయింది. తర్వాత సన్న వైర్లతో బోర్డు దాకా లాగి కొలిస్తే ఐదు కాస్తా నాలుగున్నర చిల్లరకు పడిపోయింది. సన్నటి వైరు దారిలోనే కరెంటు తినేస్తుంది. మా ఇంటి వైరింగులో మిగిలిన లావు వైరు తెచ్చాను. అంతా ఒకటే నీలం రంగు. మూడు ముక్కలు కోసి ఐదుకు, పన్నెండుకు, కరెంటు తిరిగి వెళ్ళే గ్రౌండుకు అతికాను. గ్రౌండుకు ఒక ముడి వేశాను. ఐదు వోల్టుల వైరును మీటరుతో కొలిచి దాని చివర కుంకుమ బొట్టు పెట్టాను. పన్నెండుకు ఏమీ పెట్టలేదు.

ఈ బొట్టు సంగతి కొంచెం చెప్పాలి. నేను చేరిన కొత్తలో మా సీనియర్ ఒక తమిళాయన ఉండేవాడు. ల్యాబులో మార్కరు పెన్ను పెడితే సాయంత్రానికి మాయమయ్యేది. కుంకుమను మాత్రం ఎవరూ ఎత్తుకుపోరు. అందుకని ఆయన పరీక్ష చేసి సరిగ్గా ఉందని తేలిన ప్రతి వస్తువుకూ దేవుడి పటం ముందున్న డబ్బాలోంచి ఇంత కుంకుమ తడిపి బొట్టు పెట్టేవాడు. ఆయన పోయినా ఆ అలవాటు నాకు మిగిలింది. మా ల్యాబులో బొట్టున్న మీటరంటే మంచి మీటరు, బొట్టు లేనిదంటే అనుమానం. పిల్లలు కూడా ప్రాక్టికల్ పరీక్షకు వస్తే బొట్టున్నవాటి కోసమే కొట్లాడుకునేవాళ్ళు.

ఆ సాయంత్రం లెక్చరరు వచ్చి వైర్లు తడిమి చూసినాడు.

"ఇవి రెండూ నాకు ఒకటే తీరుగా ఉండాయన్నా. వీటికి గూడా ముడులేస్తే పోదా? ఐదుకు రెండు, పన్నెండుకు మూడు."

"ఐదుకు బొట్టుండాది సార్."

"బొట్టు చేతికి తగలదు గదా."

"అతికేది నేను. నా కంటికి కనబడితే చాలు" అన్నాను.

ఎంత పొగరుగా అన్నానో అప్పుడు నాకు తెలియలేదు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

మరునాడు కాలేజీలో ఆయుధపూజ. సెలవులకు ముందే చేసుకోవడం మా దగ్గర మామూలు. ఆ పూజ సందడిలోనే సర్వర్ స్విచ్ వేయించి అందరి ముందూ చూపించాలని నా కోరిక. రిటైరయ్యే ముందు నలుగురూ మెచ్చుకుంటే బాగుంటుందనిపించింది. మా ల్యాబు ఊడ్చే ఆయమ్మను పిలిచి, "రేపు పొద్దున్నే వచ్చి అన్నీ తడిగుడ్డతో తుడవాల. దేన్నీ వదలద్దు. తుడిచినాక ఒక్కోదానికి ఒక్కో బొట్టు" అని చెప్పాను. ఆయమ్మ ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. అయినా ల్యాబు పూజకు ఏమేం కావాలో నాకన్నా ఆమెకే బాగా తెలుసు. చెప్పిన పని చెప్పినట్టు చేస్తుంది.

చెప్పినట్టే చేసింది. డబ్బాను తుడిచింది, దాని వైర్లనూ తుడిచింది. నేను పెట్టిన బొట్టు ఆ గుడ్డకు అంటుకుపోయింది. తర్వాత ఒక్కో వస్తువుకూ ఒక్కో బొట్టు పెట్టుకుంటూ వచ్చి, ఈ డబ్బా దగ్గర పైకి పొడుచుకొచ్చిన ఒక వైరు చివర బొట్టు పెట్టింది. అది పన్నెండు వోల్టుల వైరు.

నేను ప్రిన్సిపాల్ గదిలో గుమ్మడికాయ సంగతి చూసుకుని పదకొండింటికి ల్యాబుకు వచ్చాను. అందరూ వచ్చేస్తున్నారు. బొరుగులు, గుగ్గిళ్ళు పంచుతున్నారు. గబగబా కూర్చుని వైర్లు చూశాను. ముడి ఉన్నది గ్రౌండు, బొట్టు ఉన్నది ఐదు. మీటరు నా చేతికి మూరెడు దూరంలో బల్ల మీదే ఉంది. నుదుట బొట్టుతో కూడా ఉంది. దాన్ని ముట్టలేదు. బొట్టున్న వైరును బోర్డుకు, బొట్టు లేనిదాన్ని ఫ్యానుకు బిగించాను. లెక్చరరు వేలు పట్టుకుని స్విచ్ మీద పెట్టాను.

"వెయ్యండి సార్."

వేసినాడు. ఫ్యాను తిరిగింది, కానీ నీరసంగా తిరిగింది. అది చూసి నాకు ఏదో అనుమానం వచ్చేలోగా బోర్డు మధ్యలోంచి సన్నటి పొగ లేచింది. స్విచ్ ఆపేశాను.

"ఏందన్నా అది?" అన్నాడాయన.

"ఏం లేదు సార్. చిన్న లూజ్ కనెక్షను."

"కండ్లు లేవు గానీ ముక్కు ఉండాది గదన్నా నాకు."

అబద్ధం చెప్పాను, అదీ చూపు లేని మనిషికి. ఇది రెండో తప్పు. మూడోది వెంటనే చేశాను. మీటరు పెట్టి కొలిస్తే బొట్టున్న వైర్లో పన్నెండు చూపించింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయమ్మ వైపు తిరిగి అందరి ముందూ అరిచాను.

"ఎవురు చెప్పినారు నీకు ఈ వైర్లు ముట్టమని? ఎంత పని చేసినావో తెలుసునా?"

ఆమె చేతిలో బొరుగుల పళ్ళెం ఉంది. దాన్ని బల్ల మీద పెట్టి నిదానంగా అన్నది. "దేన్నీ వదలద్దని మీరే గదా సార్ చెప్పింది."

నేను ఇంకేదో అనబోతుంటే లెక్చరరు అడ్డుపడినాడు. గొంతు పెద్దది చేయలేదు.

"అన్నా. బిగించే ముందర మీటరు పెట్టినావా?"

చేతిలోని మీటరు బల్ల మీద పెట్టేశాను.

"లేదు సార్."

"అయితే ఆయమ్మను వదిలిపెట్టు. ఇప్పుడు ఏం చేద్దామో అది చెప్పు."

నేను అరగంట సేపు పనికిరాకుండా పోయాను. మా కంప్యూటర్స్ లెక్చరరు ముందుకొచ్చి, డిస్కులు బతికున్నాయో లేదో చూద్దామని ఒకదాన్ని ల్యాబులోని మామూలు కంప్యూటరుకు తగిలించాడు. తిరిగింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. కానీ తెర మీద, ఈ డిస్కును చదవలేకపోతున్నాను, ఫార్మాట్ చేయమంటారా అని అడిగింది. ఆయన "సరే కొట్టేద్దామా" అంటూ మౌసు మీద వేలు పెట్టాడు. ఫార్మాట్ అంటే ఉన్నదంతా తుడిచేయడం. నేను ఆయన చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే.

చరిత్ర లెక్చరరు తన పాత విద్యార్థికి ఫోను చేసినాడు. ఈ సర్వర్ మొదట తయారుచేసి ఇచ్చింది అతనే. చదువయ్యాక పలమనేరులో ఆవుల షెడ్డు పెట్టుకుని పాల వ్యాపారం చేస్తున్నాడు. "సార్, డిస్కులు ముట్టద్దండి. వాటి రాతను మన చిన్న బోర్డే చదవగలదు, మామూలు కంప్యూటరుకు అది అర్థం కాదు. అట్లాంటి బోర్డే నా షెడ్డులో కెమెరాలకు వాడతాండా. పండక్కి బెంగళూరులో అత్తగారింట్లో ఉండాను, ఆవుల్ని పనోడు సూసుకుంటాండాడు గానీ కెమెరాల గది తాళాలు నా దగ్గిరే ఉండాయి. నాలుగో పొద్దు వచ్చేస్తా" అన్నాడు.

పరీక్షకు పది రోజులుంది. నాలుగు రోజులు ఆగడం నా వల్ల కాలేదు. మరునాడే తిరుపతికి బస్సెక్కాను. పండగ, సగం షాపులు మూసి ఉన్నాయి. తెరిచిన వాటిల్లో కొందరు బోర్డు పేరు విని వింతగా నా మొహం చూశారు. ఒకాయన మాత్రం "చెన్నై నుంచి తెప్పిస్తా సార్, పండగ కదా, వారం పడుతుంది" అన్నాడు. ఆ మరునాడు మళ్ళీ వెళ్ళాను. కాళ్ళు నొప్పులు తప్ప ఏమీ దొరకలేదు.

సాయంత్రాలు లెక్చరరు ఇంటికి వెళ్ళేవాణ్ణి. ఆయన భార్య మిషను పక్కన పెట్టి పుస్తకం చదువుతూ ఉండేది. ఆమె గొంతు పోతే నేను అందుకునేవాణ్ణి. మొదటి రోజు పుస్తకం తెరవకుండా, "సార్, నన్ను క్షమించాల" అని మొదలుపెట్టాను.

"అది పరీక్షలో రాదన్నా. వచ్చేది చదువు" అన్నాడు.

చదివాను. తప్పు చదివితే సరిదిద్దేవాడు. రాత్రి భోజనాల వేళ దాకా చదివితే, అటక మీది సర్వర్ ఒక పూటలో వినిపించేదాంట్లో నాలుగో వంతు కూడా అయ్యేది కాదు. ఆయన వేగంగా వినడానికి అలవాటు పడ్డ మనిషి. మా చదువు ఆయనకు ఎంత నత్తనడకో నాకు తెలుస్తూనే ఉంది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

నాలుగో రోజు పొద్దున్నే మొదటి బస్సుకు పలమనేరు వెళ్ళాను. అంత పొద్దున చలికి వణికాను. ఆ పాలాయన అప్పుడే వచ్చి, పెట్టెలు కూడా దించకుండా షెడ్డులో కెమెరాల గది తాళం తీసి బోర్డు విప్పి నా చేతిలో పెట్టాడు.

"మరి నీ కెమెరాలు?"

"పదిరోజులు కండ్లతో సూసుకుంటా సార్. ఆవులు యాడికీ పోవులే."

మధ్యాహ్నానికి కాలేజీకి వచ్చాను. సెలవులు కాబట్టి ల్యాబు తాళం ఆయమ్మ తెచ్చింది. తలుపు తీసి వెళ్ళిపోబోతుంటే ఆగమన్నాను. నీలం వైర్లు పీకి పారేసి, ఐదుకు ఎర్రది, పన్నెండుకు పసుపుది, గ్రౌండుకు నల్లది వేశాను. పైగా లెక్చరరు చెప్పినట్టు ముడులు కూడా వేశాను. మీటరు ఆయమ్మ చేతికిచ్చాను.

"నేను సూసినా నమ్మను. నువ్వు చదివి చెప్పు."

"ఐదు పాయింటు ఒకటి సార్."

"ఇప్పుడు?"

"పన్నెండు పాయింటు సున్నా."

మూడుసార్లు చదివించాను. అప్పుడు అన్నాను. "ఆ పొద్దు తప్పు నాదమ్మా. నీ మీద అరిచినాను."

"తెలుసు సార్" అంది మీటరు మీంచి తల ఎత్తకుండా. "ఆ పొద్దే తెలుసు. మీకు ఎప్పుడు తెలుస్తాదా అని సూస్తాండా."

సెలవులయ్యాక స్టాఫ్‌రూములో అందరి ముందూ అదే మాట మళ్ళీ చెప్పాను. అందరి ముందూ తిట్టినదానికి ఒంటరిగా చెప్పే క్షమాపణ చెల్లదు. ఇది మాత్రం పిల్లలు రాసి పెట్టుకోవచ్చు.

కాలిన బోర్డులోని చిన్న మెమరీ కార్డు అదృష్టం కొద్దీ బతికే ఉంది. ఆ మధ్యాహ్నమే లెక్చరరును ల్యాబుకు పిలిపించి, దాన్ని కొత్త బోర్డులో పెట్టి స్విచ్ వేశాం. ఫ్యాను ఈసారి జోరుగా తిరిగింది. రెండు డిస్కులూ ఒకేసారి లేచినా బోర్డు తొణకలేదు. లెక్చరరు ఫోను చెవికి పెట్టుకుని నిలబడినాడు. కాసేపటికి ఆయన మొహం మారింది. "వచ్చేసినాయన్నా, అన్నీ వచ్చేసినాయి" అన్నాడు. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు, ఆపుకోనూ లేదు.

ఆ మిగిలిన ఆరు రోజులు ఆయన తిండి తింటున్నా ఫోను చెవి దగ్గరే ఉందని ఆయన భార్య చెప్పింది. పరీక్ష తిరుపతిలో. రాసిపెట్టే మనిషి వేరే ఉన్నాడు, అయినా నేనూ వెంట వెళ్ళాను. బయటికి వచ్చి, "బాగానే చెప్పినా, చూద్దాం" అన్నాడు.

ఫలితాలు వచ్చేసరికి నేను రిటైరయ్యాను. జాబితా ఫోన్లో రెండుసార్లు వెతికాను. ఆయన పేరు లేదు. కొద్దిలో పోయిందని తర్వాత తెలిసింది.

వారం రోజులు ఆయన ఇంటికి వెళ్ళలేకపోయాను. నిద్ర పట్టేది కాదు. నాలుగు రోజులు. ఆ కొద్ది మార్కులు ఆ నాలుగు రోజుల్లో ఉండవా? పరీక్షకు పది రోజులున్న మనిషికి నాలుగు రోజులు పోగొట్టింది నేను కాదా? చివరికి మనసు గట్టి చేసుకుని ఒక ఆదివారం వెళ్ళాను. కూర్చోమన్నాడు, ఆయన భార్య కాఫీ ఇచ్చింది. అటక మీద ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. నేను నిలబడే చెప్పాను.

"సార్, మీ ఉద్యోగం పోగొట్టింది నేను. ఆ నాలుగు రోజులు ఉండుంటే మీరు దాటేవాళ్ళు. ఈ మాట మీకు చెప్పకపోతే నాకు అన్నం సహించడం లేదు."

ఆయన చేతిలోని ఫోను పక్కన పెట్టినాడు. తర్వాత తల ఎత్తినాడు. అంత కోపంగా ఆయన్ని ఎప్పుడూ చూడలేదు.

"ఏ ప్రశ్నలు తప్పినానో నాకు తెలుసన్నా. ఇంటికొచ్చి అన్నీ సరిచూసుకున్నా. ఆ నాలుగు దినాల పాఠాల్లోంచి వచ్చినవి ఒక్కటి గూడా తప్పలేదు, నువ్వూ మా ఇంటామె ఇద్దరూ గొంతు పోగొట్టుకుని చదివినారు గదా. తప్పినవన్నీ నాకు బాగా వచ్చు అనుకున్నవి. వచ్చులే అని మళ్ళీ వినకుండా వదిలేసినవి."

నేనేదో అనబోయాను. చెయ్యి అడ్డం పెట్టినాడు.

"బోర్డు కాల్చింది నువ్వు. పరీక్ష తప్పింది నేను. పుట్టినప్పటి నించీ నేనేం చేసినా ఎవురో ఒకరు చేయించినట్టే చెప్తారు ఊర్లో. పాసైతే పాపం ఎవురో చదివి పెట్టినారంటారు. తప్పితేనన్నా నాది కావాల గదన్నా. దాన్ని గూడా నువ్వు తీసుకుంటే నాకేం మిగిలినట్టు?"

నేను కుర్చీలో కూర్చున్నాను. కాఫీ చల్లారిపోయింది, అయినా తాగాను. ఆయన ఫోను తీసుకుని చెవికి పెట్టుకుంటూ అన్నాడు.

"రేపు ఫస్టియరుకు క్లాసుండాది. నేను పాఠం వినుకోవాల. కూచుంటే కూచో, మాట్లాడొద్దు."